దూజ్ ఇసుకలో స్లూగీల వెంట

మంగళవారం, ట్యూనిస్

పదకొండేళ్ళుగా నాకు కూడు పెడుతున్నవి కుక్కలే. దోహాలో ఒక పెద్దింటివాళ్ళ సలూకీలను, అంటే అరబ్బుల సన్నటి జాగిలాలను, చూసుకునే పశువుల ఆసుపత్రిలో సహాయకుణ్ణి. సూదులు వెయ్యడం, కట్లు కట్టడం, పందేల ముందు తూకాలు చూడటం, రాత్రిపూట ఏసీ ఆగితే కుక్కలతో పాటు నేనూ మేలుకోవడం, ఇదీ ఉద్యోగం. మా డాక్టరు ట్యునీషియావాడు, నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. సహారా అంచున దూజ్ అతని ఊరు. "ఇక్కడ నువ్వు చూసేవి పందెం కుక్కలు. మా నాయన దగ్గర వేట కుక్కలున్నాయి, వచ్చి చూడు" అని మూడేళ్ళుగా పిలుస్తున్నాడు. ఈ నవంబరులో ఇద్దరికీ ఒకేసారి సెలవు కుదిరింది. ఈసారి రాయచోటికి రావడం లేదని ఫోన్లో చెబితే అమ్మ అంది: "ఒక ఎడారి చాల్లేదని ఇంగో ఎడారికి పోతాండావా?"

డాక్టరు నాకన్నా వారం ముందే ఊరికి చేరాడు. ట్యూనిస్‌లో నాకు ఒక పూట ఖాళీ దొరికింది కాబట్టి బార్డో మ్యూజియానికి వెళ్ళాను. పాత రాజభవనం అది. 1881లో ఫ్రెంచివాళ్ళు ఈ దేశాన్ని తమ చేతికిందకు తెచ్చుకున్న ఒప్పందానికి కూడా బార్డో ఒప్పందమనే పేరు. లోపల గోడలనిండా, నేలనిండా రోమన్ల కాలపు మొజాయిక్‌లు, చిన్న చిన్న రాతిపలుకులు పేర్చి చేసిన బొమ్మలు. సముద్రదేవుళ్ళను, చేపలను దాటుకుంటూ పోయి కుక్కలను వెతుక్కున్నాను.

దొరికాయి. ఊద్నా అనే పాత రోమన్ ఊళ్ళో లబేరీ కుటుంబం ఇంటి నేల నుంచి తెచ్చిన ఫలకం అది. గుర్రాల మీద వేటగాళ్ళు, వాళ్ళ ముందు రెండు సన్నటి జాగిలాలు, వాటి ముందు ఒక కుందేలు, ఒక గుంటనక్క. కుక్కల పేర్లు కూడా అక్షరాలుగా పేర్చారు: ఎడెరాటుస్, ముస్తేలా. ముస్తేలా అంటే ముంగిసను పోలిన చిన్న జంతువు. పదహారు పదిహేడు వందల ఏళ్ళ కిందట తన ఇంటి నేల మీద కుక్కల పేర్లు రాయించుకున్న ఆ ఇంటాయన నాకు అక్కడికక్కడే నచ్చాడు. ఎల్ జెమ్ ఊరి నుంచి వచ్చిన ఇంకో ఫలకంలో కుందేలు పొదలో ముడుచుకుని ఉంది. దాని చెవులు వీపుకు అతుక్కుని ఉన్నాయి. అది చెక్కిన పనివాడు చెవులపిల్లిని దగ్గరగా చూసినవాడే.

ఇవి ఉత్తరాఫ్రికా వేటజాగిలాలైన స్లూగీలేనా అంటే తగాదాయే. అవునని ట్యునీషియావాళ్ళు, కాదు, ఐరోపా నుంచి తెచ్చిన వేరే జాగిలాలని మరికొందరు. పేరు సంగతీ అంతే. యెమెన్‌లోని సలూక్ అనే ఊరి నుంచి వచ్చిందని ఒకరు, సెల్యూకియా అన్న గ్రీకు నగరం పేరు నుంచి వచ్చిందని ఒకరు. ఎవరు పట్టిన కుందేటికి వాళ్ళు మూడే కాళ్ళంటారు. నాకు తెలిసిందల్లా పనివాడికి తెలిసినంత: మా దోహా సలూకీలకు చెవుల మీదా తోక కిందా పట్టుకుచ్చుల్లా వెంట్రుకలు వేలాడతాయి, ఉత్తరాఫ్రికా స్లూగీకి ఒళ్ళంతా నున్నన. అరబ్బులు పిలిచే పేరు ఇంచుమించు ఒకటే అయినా రెండూ వేరు జాతులు.

బుధవారం, దారి

ట్యూనిస్ నుంచి దూజ్ దాదాపు 500 కిలోమీటర్లు. లువాజ్ అనే తెల్ల వ్యాన్లలో పోతారు. దూరం ఊళ్ళవాటికి ఎర్ర చార, దగ్గర ఊళ్ళవాటికి నీలి చార. టైమంటూ లేదు, ఎనిమిది మంది నిండితే కదులుతుంది. మన షేర్ ఆటో పద్ధతే. ఏడో మనిషి దాకా వచ్చి ఎనిమిదో మనిషి కోసం గంటన్నర కూర్చున్నాం.

నా గల్ఫ్ అరబ్బీ ఇక్కడ సగమే చెల్లింది. "చాలా" అనడానికి నేను "వాయిద్" అంటే వెనక సీటు పిల్లలు నవ్వారు. ఇక్కడ "బర్షా" అనాలట. "బాగుంది" అంటే "బాహీ". స్ఫాక్స్ దాకా ఆలివ్ తోటలు. గాబెస్ దాటాక చెట్టు కనబడటం తగ్గింది. కెబిలిలో నీలి చార వ్యాను ఎక్కి చీకటి పడ్డాక దూజ్‌లో దిగాను. డాక్టరు ఉన్ని బుర్నూసు కప్పుకుని నిలబడి ఉన్నాడు. దోహాలో తెల్లకోటులో తప్ప చూడని మనిషిని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది.

గురువారం, సంత

దూజ్‌లో గురువారం సంత. డాక్టరు నాయన నన్ను లేపుకుపోయాడు. డెబ్బై దాటిన మనిషి. మక్కా పోయి వచ్చాడు కాబట్టి ఊరంతా హాజ్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. వీళ్ళు మరాజీగ్ తెగవాళ్ళు. హాజ్ చిన్నతనంలో ఏడాదిలో సగం మేకలు, ఒంటెలతో ఎడారిలోనే గుడారాల్లో గడిచేదట. ఇప్పుడు ఇల్లు, ఖర్జూరపు తోట, మోటారు బావి.

పశువుల సంత చూస్తే మన పీలేరు సంతే గుర్తొచ్చింది. మేక పళ్ళు చూడటం, తోక ఎత్తడం, ధర వినగానే "అబ్బే" అన్నట్టు నడిచిపోయి మళ్ళీ తిరిగి రావడం, అన్నీ అవే. ఇంకోపక్క గుట్టలుగా దెగ్లెత్ నూర్ ఖర్జూరాలు. కోతల కాలం ఇది. ఒక పండు ఎండకు ఎత్తి పట్టి లోపలి గింజ నీడ చూపించాడు హాజ్.

నేను కుక్కల కోసం చుట్టూ చూస్తుంటే ఆయనకు అర్థమైంది. "స్లూగీని సంతలో పెట్టరు. అడిగినవాడు తగినవాడైతే ఇస్తారు. అమ్మరు." గట్టిగా అన్నాడు. ఆ రాత్రే డాక్టరు నవ్వుతూ తన ఫోన్లో స్లూగీ పిల్లల అమ్మకపు ప్రకటనలు వరసగా చూపించాడు. నాయనకు మాత్రం చెప్పొద్దన్నాడు.

సాయంత్రం హనాయెష్ మైదానానికి వెళ్ళాం. ఏటా డిసెంబరు చివర్లో ఇక్కడ సహారా ఉత్సవం జరుగుతుంది. 1910లో ఒంటెల పండగగా మొదలైందది. ఒంటె పందేలు, గుర్రపు విన్యాసాలు, కవుల పోటీలు, వాటితో పాటు జనం కళ్ళ ముందు కుందేలును వదిలి దాని వెనక స్లూగీలను వదలడం. మేం వెళ్ళినప్పుడు మెట్ల వరస ఖాళీ, ఇద్దరు పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారు. "ఆ వేట నాకు నచ్చదు" అన్నాడు హాజ్. "కుందేలుకు ఈ నేల తెలియదు. ఎటు పోవాలో తెలియని జంతువును పట్టడం కుక్కకు కూడా గొప్ప కాదు."

నాకు పారువేట గుర్తొచ్చింది. కనుమ నాడు అహోబిలంలో, తిరుమలలో స్వామి వేటకు బయల్దేరతాడు. బల్లెం విసురుతారు, బాణం వేస్తారు, డప్పులు మోగుతాయి, ఏ జంతువూ చావదు. వేట ఎడమైపోయిన జనం దాని నడకను మాత్రం దాచుకున్నారు. అది హాజ్‌కు వివరించడానికి నాకున్న అరబ్బీ సరిపోలేదు. దేవుడు వేటకు పోతాడన్న మాట దగ్గరే ఆయన కనుబొమలు పైకి పోయాయి, నేను మాట మార్చాను.

శుక్రవారం, ఇల్లు

ఈ రోజంతా కుక్కలతోనే. రెండే ఉన్నాయి. నాలుగేళ్ళ ఆడది, ఇసుక రంగు ఒళ్ళు, మసి పూసినట్టు నల్లని మూతి. పేరు రీహ్, అంటే గాలి. రెండోది ఏడాదిన్నర మగది, పులిచారలది, దానికింకా పేరు స్థిరపడలేదు. ఒక్కో మనవడు ఒక్కో పేరుతో పిలుస్తున్నాడు.

రెండూ వసారాలో తివాచీ మీద పడుకుని ఉన్నాయి. ఇంటి కాపలా కుక్క బయట గేటు దగ్గర ఉంది, దానికి లోపలికి రావడానికి లేదు. నేను చూపిస్తూ "ఈ రెండు కుక్కలూ" అనబోయాను. అరబ్బీలో "కెల్బ్" అన్నానో లేదో, హాజ్ భార్య వంటింట్లోంచే సవరించింది: "కెల్బ్ బయట ఉంది. ఇది స్లూగీ." తిట్టుకు వాడే మాట దీనికి వాడకూడదు. మన దగ్గరా ఊరకుక్క వేరు, జాగిలం వేరు కదా. మా జేజినాయన ఊరకుక్కను రాయితో తరిమి, తన జాగిలానికి సంకటిముద్ద చేత్తో పెట్టేవాడు.

ముస్లింల ఇళ్ళలో కుక్క ఇంత లోపలికి ఎలా వచ్చిందని చాలామందికి అనుమానం రావచ్చు. గల్ఫ్‌లో నాకూ వచ్చింది. వేటకు నేర్పిన జంతువు దేవుడి పేరు మీద పట్టుకొచ్చింది తినవచ్చునని ఖురాన్ అయిదో సూరాలోనే, అంటే అధ్యాయంలోనే, ఉంది. పైగా ఉత్తరాఫ్రికాలో ఎక్కువమంది అనుసరించే మాలికీ సంప్రదాయం బతికున్న కుక్కను మైలగా చూడదు. గుడారంలో మాంసం వండాలంటే అది తేవాలి. ఫ్రెంచి సైనికాధికారి దోమా 1850ల ప్రాంతంలో అల్జీరియా ఎడారిలో చూసి రాసింది కూడా ఇదే తీరు: మెడకు గవ్వలు, తాయెత్తులు, చలికి కప్పడానికి దుప్పటి, తినడానికి పాలలో నలిపిన ఖర్జూరం. ఇప్పుడు ఈ ఇంట్లో రీహ్‌కు బార్లీ గంజి, మిగిలిన గోధుమరవ్వ కుస్కుసు, ఖర్జూరాలు, అప్పుడప్పుడు ఎముకలు. దోహాలో మా కుక్కల మేత సంచీ ధర నేను చెప్పలేదు.

రీహ్ ముందు కాళ్ళ మీద నాలుగు అడ్డగీతలు, కాల్చిన మచ్చలు. కాళ్ళు గట్టిపడతాయని, నొప్పులు పోతాయని ఎర్రగా కాల్చిన ఇనుముతో పెట్టిన వాతలు. మా ఊళ్ళో ఎద్దులకు పెట్టేవాళ్ళు, పచ్చకామెర్లు వస్తే మనుషులకూ పెట్టేవాళ్ళు. డాక్టరు వాటివంక చూడకుండా, "నేను దోహాలో ఉన్నప్పుడు పెట్టించాడు. నేనుంటే పడనిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. హాజ్ ఆకాశం కేసి చూశాడు. తండ్రీకొడుకుల మధ్య ఇది పాత పంచాయితీ. నేను దూరలేదు. వాత వల్ల కాలు గట్టిపడదని నాకూ తెలుసు.

మిగతా విషయాల్లో మాత్రం ముసలాయన చెయ్యి చూసి నేర్చుకోవాల్సిందే. తుంటి ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూస్తాడు, నాలుగు వేళ్ళు పట్టాలి. దోహాలో కూడా ఇలాగే చూస్తారు. పక్కటెముకలు మూడు కనబడాలి, నాలుగోది కనబడితే మేత పెంచాలి. కొత్తగా చూసినవాళ్ళు కుక్కకు తిండి పెట్టడం లేదనుకుంటారు, అది దాని తీరు. నేను టేపు తీసి భుజం ఎత్తు కొలిచాను: 65 సెంటీమీటర్లు. ఆడవాటికి 61 నుంచి 68 అని అంతర్జాతీయ కుక్కల సంఘం 188వ ప్రమాణంలో ఉంది. ఆ ప్రమాణానికి పెద్దదిక్కు మొరాకో. డాక్టరుకు అది గుచ్చుకుంటుంది. కోతి నవ్వు నవ్వి, "మా కుక్కకు కొలతలు పక్కింటివాడు రాశాడు" అన్నాడు.

ఒక సంగతిలో డాక్టరు గెలిచాడు. స్లూగీల్లో వంశపారంపర్యంగా వచ్చే కంటి జబ్బు ఒకటుంది. మొదట రేచీకటి, తరవాత పూర్తి గుడ్డితనం. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తుంటేనే పిల్లకు జబ్బు బయటపడుతుంది. ఏ జన్యువులో తేడా ఉందో 2000లో పట్టుకున్నారు, పరీక్ష ఉంది. స్లూగీ వాసనతో కాదు, చూపుతో వేటాడే కుక్క. దానికి కన్ను పోతే అన్నీ పోయినట్టే. హాజ్ అన్నాడు: "మా నాయన కాలంలో మసక చీకట్లో తడబడే కుక్కకు పిల్లలు కననిచ్చేవాళ్ళు కాదు. పరీక్ష అదే." డాక్టరు, "తడబడనిది కూడా లోపాన్ని మోస్తుంది నాయనా, అందుకే రక్తం" అన్నాడు. చాలాసేపటికి హాజ్ తలూపాడు. మగకుక్కకు రక్తం తీసింది నేను. సూది గుచ్చితే అది నా చెయ్యి నాకింది తప్ప అరవలేదు.

రాత్రి భోజనం దగ్గర ఈ జాతి ఎందుకు తగ్గిందన్న మాట వచ్చింది. ఫ్రాన్సులో 1844 నాటి వేట చట్టం జాగిలాలతో వేటను నిషేధించింది, అది అల్జీరియాకూ వర్తించింది. దొరల తుపాకీ వేట ఉండొచ్చు, గుడారంవాడి కుక్క వేట ఉండకూడదు. హాజ్ దీన్ని నిన్న జరిగినట్టు చెప్పాడు. తరవాత పిచ్చికుక్కల జబ్బుకు భయపడి కాల్చివేతలు, తరవాత గుడారాలే పోయాయి, తరవాత ఇతర గ్రేహౌండ్లతో కలగలుపు. ఎడారి జింకలను ఇప్పుడు ముట్టుకోకూడదు, రక్షణలో ఉన్నాయి. మిగిలింది కుందేలు. అదీ ఏటా ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిన రోజుల్లోనే. ఎల్లుండి ఆదివారం అందులో ఉందని హాజ్ మడతలు పడ్డ కాగితం తీసి చూపించాడు.

శనివారం, ఇసుక

జాఫ్రాన్ దాటాక తారు రోడ్డు మీదికి ఇసుక ఎక్కి వచ్చింది. దిబ్బల నెత్తిన ఖర్జూరపు మట్టలు వరసగా పాతారు, ఇసుకను ఆపే దడి. పాత పికప్పులో వెనక నేను, కుక్కలు. పులిచారలది గాలికి మూతి పెట్టి నిలబడింది. రీహ్ మాత్రం నా కాళ్ళ మధ్య దుప్పట్లో ముడుచుకుంది. వెనకటికి కుక్క అలసిపోకుండా గుర్రం జీను మీదో ఒంటె మీదో ఎక్కించుకుని వేటచోటికి తీసుకుపోయేవాళ్ళట.

మధ్యాహ్నానికి రతమ్ పొదలున్న ఒక పల్లంలో దిగాం. హాజ్ తమ్ముడు, ఇద్దరు మేనల్లుళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. రొట్టె చేసిన తీరు చెప్పాలి. గోధుమ పిండి ముద్దను పళ్ళెమంత చేసి, మంట రగిల్చిన చోట నిప్పులు పక్కకు లాగి, కాలిన ఇసుక మీద నేరుగా పరిచి, పైన ఇసుక, దానిమీద నిప్పులు. పావుగంటకు తీసి గుడ్డతో దులిపితే ఒక్క ఇసుక రేణువు లేదు. ఖుబ్జ్ మల్లా అంటారు. ఆలివ్ నూనెలో అద్దుకుని తిన్నాం. నేను తెచ్చిన శెనక్కాయ పొడి చల్లుకుంటే అందరికీ నచ్చింది, డబ్బా అక్కడే ఖాళీ అయింది.

రాత్రి చలి ఎముకల్లోకి దిగింది. టీ మీద టీ. నన్నూ ఒక వేట కథ చెప్పమన్నారు. విజయనగరం కథ చెప్పాను: హరిహర బుక్కరాయలు తుంగభద్ర ఒడ్డున వేటాడుతుంటే ఒక కుందేలు వెనక్కి తిరిగి జాగిలాల మీదకే ఎగబడిందట, ఈ నేలలో ఏదో బలముందని అక్కడే రాజధాని కట్టారట. డాక్టరు తర్జుమా చేశాడు. అందరూ నిశ్శబ్దంగా విన్నారు. హాజ్ తమ్ముడు గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"అయితే అవి స్లూగీలు కావు."

ఆదివారం, వేట

తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక బయల్దేరాం. కుక్కలకు రాత్రి నుంచి మేత లేదు, నీళ్ళు మాత్రమే. మనుషులం అడ్డంగా ఒక వరసలో, మనిషికీ మనిషికీ ఇరవై అడుగుల దూరం. మాటలు లేవు. హాజ్ నేల చూసుకుంటూ ముందు నడిచాడు.

తెల్లవారిన ఇసుక మీద రాత్రి జరిగిందంతా రాసి ఉంది. పేడపురుగు గీత, జెర్బోవా అనే గెంతుడు ఎలుక రెండు కాళ్ళ చుక్కలు, నక్క తిన్నగా నడిచిన దారి. కూనలకు ముందు ఈ జెర్బోవాల మీదే తరమడం నేర్పుతారు. హాజ్ ఆగి వేలు చూపించాడు. కుందేలు అడుగులు. నేను వంగి చూశాను. ముందు కాళ్ళు ఒకదాని వెనక ఒకటి పడతాయి, వెనక కాళ్ళు గెంతి వాటిని దాటి ముందుకు పడతాయి. ముందు కాళ్ళ జాడలు రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతే కనబడేవి మూడే. చిన్నప్పుడు శెనక్కాయ చేలో వాన పడ్డ మర్నాడు జేజినాయన ఇదే జాడ చూపించి, "ఎన్ని కాళ్ళు?" అని అడిగేవాడు. నేను మూడు అనేవాణ్ణి, ఆయన నవ్వేవాడు. మొండివాడి సామెత అనుకున్నది ఇక్కడ ఇసుక మీద నాకు వేరేలా తోచింది. మొదట ఆ మాట అన్నవాడు అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. జాడ చూసి ఉంటాడు.

మెడపట్టీ లోంచి దూర్చిన తాడు రెండు కొసలూ హాజ్ గుప్పిట్లోనే ఉన్నాయి. మేక వెంట్రుకలతో పేనిన తాడు. ఒక కొస వదిలితే చాలు, కుక్క జారిపోతుంది. ముడి విప్పే పని లేదు.

మొదటిది నా కాళ్ళకు పది అడుగుల దూరంలోనే లేచింది. నేను దాని పక్కనుంచే నడిచాను, కనబడలేదు. ఇసుక ముద్దే లేచి పరిగెత్తినట్టయింది. హాజ్ వెంటనే వదల్లేదు. కుందేలు ముప్పై నలభై గజాలు పోనిచ్చి, "బిస్మిల్లా, అల్లాహు అక్బర్" అని గుప్పిట తెరిచాడు. ఆ మాట అనకుండా వదిలితే పట్టింది తినకూడదు. ఆ కాస్త దూరం కూడా మర్యాదే అన్నాడు తరవాత.

దోహాలో కారుకు కట్టిన బొమ్మ జింక వెనక సలూకీలు ఉరకడం వందలసార్లు చూశాను. బొమ్మ తిన్నగా పోతుంది. ఇది అలా కాదు. పులిచారల కుర్రది బాణంలా పోయింది, అందుకోబోయింది, కుందేలు ఉన్నపళంగా పక్కకు విరిగింది. కుర్రది నాలుగు గజాలు ముందుకు దొర్లి ఇసుక మింగింది. రీహ్ వెనకే, తొందర లేకుండా, కుందేలు ఎటు విరుగుతుందో ఆ మూలకు అడ్డంగా కోసుకుంటూ పరిగెత్తింది. రెండు మలుపులు, మూడు మలుపులు. తరవాత కుందేలూ కుక్కలూ దిబ్బ అవతలికి పోయాయి, మాకు దుమ్ము మిగిలింది.

ఎగబడి దిబ్బ ఎక్కి చూస్తే రీహ్ ఒక్కతే శిఖరం మీద నిలబడి ఉంది. తల ఎత్తి, చెవులు నిక్కించి, దూరంగా చూస్తోంది. కింద పొదలే పొదలు. కన్ను తప్పిపోయాక వాసన పట్టి వెతికే కుక్క కాదు. అలా చూస్తూనే ఉంది, మేం వచ్చినా తల తిప్పలేదు. హాజ్ దాన్ని పిలవలేదు, తాడు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. కాసేపు ఇద్దరూ ఒకే వైపు చూశారు.

రెండోది పది గంటలప్పుడు దొరికింది. దాని గురించి ఎక్కువ చెప్పలేను. అంతా అయిదారు క్షణాల్లో, చదును నేల మీద జరిగిపోయింది. రీహ్ మలుపు దగ్గర కాచి పట్టింది, నొక్కి ఉంచింది కానీ చీల్చలేదు. మేనల్లుడు ఉరికి కత్తితో పని ముగించాడు. కుందేలు బరువు నా చేతిలో రెండు కిలోలు కూడా లేదు, ఇంకా వెచ్చగా ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక కూడా మా ఊళ్ళో చాటుమాటున వేట సాగింది, మా ఇంట్లోనూ వండారు, నేను తిన్నాను. అయినా ఆ పూట నా కడుపులో ఏదో కదిలింది. అడవి జంతువును చంపడం ఒప్పనీ అనలేను, ఈ ముసలాయన్ను తప్పనీ అనలేను. గుండె, కాలేయం కుక్కలకు వేశారు.

మూడోదాని కోసం ఎవరూ అడగలేదు. రీహ్ కుంటుతోందని నేనే ముందు చూశాను. ముందు ఎడమ పాదం కింది మెత్త రాయి తగిలి చీలింది. పికప్పు నీడలో కూర్చోబెట్టి కడిగాను. ఈ జాతుల ఒంట్లో కొవ్వుండదు, కొన్ని మత్తుమందులిస్తే తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. అందుకని చుట్టూ మొద్దుబారే మందు మాత్రం వేసి మూడు కుట్లు వేశాను. డాక్టరు తల పట్టుకున్నాడు, హాజ్ దాని కళ్ళు అరచేత్తో మూశాడు. కుట్లు అయ్యాక ఆయన నా చేతులు చూసి, "ఐషెక్" అన్నాడు. నీకు ఆయుష్షు అని అర్థం, ఇక్కడ థ్యాంక్స్‌కు అదే మాట.

కుందేలు మాంసం సాయంత్రం ఇంట్లో ఎర్ర మిరప ముద్ద వేసి కుస్కుసుతో వండారు. కారం మన కారమే. తిన్నాను.

సోమవారం, ఉప్పు

టోజూర్ నుంచి నాకు ట్యూనిస్ విమానం. కెబిలి నుంచి టోజూర్ దాకా షత్ ఎల్ జెరిద్ ఉప్పు చదును మీదుగా కట్ట రోడ్డు, దాదాపు 90 కిలోమీటర్లు. రెండు పక్కలా తెల్లగా, అక్కడక్కడ గులాబీ రంగు నీటి మడుగులు. దూరంలో లేని చెరువులు ఉన్నట్టు కనబడతాయి.

బయల్దేరే ముందు హాజ్ ఒక మాట అన్నాడు. వసంతంలో రీహ్‌కు కూనలు వస్తాయి, కుర్రదాని రక్తపరీక్ష బాగుంటే. ఒకటి నాకు ఇస్తానన్నాడు. అమ్మనన్నాడు, ఇస్తానన్నాడు. సంత రోజు మాట గుర్తొచ్చి గొంతు పట్టేసింది. దోహాలో నేనుండేది నలుగురు మనుషుల గదిలో, పై మంచం నాది. రాయచోటికి పంపాలంటే కాగితాలకే ఏడాది పడుతుంది. ఎక్కడ పెంచను? అదే చెప్పాను. ఆయన ఆలోచించి లోపలికి వెళ్ళి మేక వెంట్రుకల తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. రీహ్ కట్టు కట్టిన పాదం ముందుకు చాపి తివాచీ మీద పడుకుని ఉంది. నేను పోతుంటే ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది.

దోహా విమానాశ్రయంలో సంచీ తెరిపించారు. ఖర్జూరాల పెట్టె పక్కన చుట్టగా ఉన్న తాడు తీసి అధికారి వాసన చూశాడు.

"ఏంటిది?"

"కుక్కను కట్టే తాడు."

"కుక్క ఏదీ?"

"లేదు" అన్నాను. తాడు మళ్ళీ సంచీలో పడేసి పొమ్మన్నాడు.